అద్దకపు కొట్టంలో ఈనాక్ దొర్లే చప్పుడు

వాగు ఒడ్డున ఉన్న పాత అద్దకపు కొట్టం పేరెత్తితే మా లోయలో పిల్లలే కాదు, పిల్లల్ని భయపెట్టే పెద్దలు కూడా గొంతు తగ్గిస్తారు. ఉన్నికి రంగులద్దే ఈనాక్ హోల్డ్స్‌వర్త్ అందులోనే ఒక చలికాలం రాత్రి మెట్ల మీంచి దొర్లిపడి ప్రాణం వదిలాడు. పోయినవాడు పోయినట్టు ఊరుకోలేదట. చీకటి పడితే చాలు... దడ్... దడదడ్... మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ దొర్లుతాడు. పాపం, బతికుండగా ఒక్కసారే పడ్డాడు.

కీత్‌లీ పట్నం నుంచి వచ్చే బండివాళ్లు ఆ వంపు దగ్గర గుర్రాన్ని అదిలించేవాళ్లు. రాత్రి కావలివాడైతే కాపలాయే మానేశాడు. "దొంగలొస్తే వాళ్లని ఈనాకే చూసుకుంటాడు" అనేవాడు.

జేబెజ్ ఫెదర్‌కి మాత్రం ఆ కొట్టంతో వేరే పేచీ ఉంది. జేబెజ్ వడ్రంగి. వయసుంది, చేతిలో పనుంది, సమయానికి నోట్లో మాటే ఉండదు. ఈనాక్ బతికుండగా కొట్టంలో ఒక మూల అడుక్కుని, అక్కడే బట్టలుతికే మిషను చేశాడు. ఎనిమిది పలకల చెక్క పెట్టె. అందరిలా ఇరుసుని నడిమధ్యన దూర్చకుండా ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా దూర్చాడు. పిడి పట్టి తిప్పితే పెట్టె తాగినవాడిలా తూలుతూ తిరుగుతుంది. లోపల వేడినీళ్లలో బట్టలు ఒకసారి ఈ మూలకి, ఇంకోసారి ఆ మూలకి వెళ్లి పడతాయి. తొట్టిలో వేసి తెడ్డుతో పొద్దంతా బాదే పని, ఒక కాగు నీళ్లు చల్లారేలోగా అయిపోతుంది.

ఈనాక్ పోగానే కొట్టానికి తాళం పడింది. మిషను లోపలే ఉండిపోయింది. అంత మంచి చెక్క మళ్లీ జేబెజ్‌కి దొరకలేదు.

దొరికినా కొనేదెవరు? ప్రార్థనామందిరం గుమ్మంలో నిలబడి కెజయా సట్‌క్లిఫ్ అననే అంది కదా: "చేతులిచ్చింది దేవుడు. పిడి ఇచ్చింది ఎవరో మీరే ఆలోచించుకోండి."

ఈ కెజయా కూతురు టామర్. జేబెజ్ పెళ్లాడదామనుకుంటున్నది ఆ టామర్‌నే. అతను అడగడానికి వెళ్తే కెజయా గుమ్మంలోంచి పక్కకైనా జరగలేదు.

"పెంతెకొస్తు పండుగ లోపల ఈ ఊళ్లో ఒక్క ఆడది, ఒక్కతంటే ఒక్కతి, నీ సోమరిపోతుల పెట్టె కొంటే పిల్లనిస్తా. లేదంటే పండుగ మర్నాడు ఉన్ని దళారీ కొడుక్కి మాటిచ్చేస్తా."

పండుగ దగ్గరికి రానే వచ్చింది. ఆదివారమే. అంతకు ముందు గురువారం సాయంత్రం మిల్లు నుంచి వస్తూ టామర్ అతన్ని దారిలో ఆపింది.

"పాస్టరమ్మగారు నీ మిషను చూస్తారట. రేపు పొద్దున్నే. నచ్చితే ఉంచేసుకుంటారట."

"రేపా? అది కొట్టంలో ఉంది టామర్."

"నీ కాళ్లు నీ దగ్గరే ఉన్నాయిగా."

"పగలైతే..."

"పగలు స్థలం యజమాని మనిషి అక్కడే కూర్చుంటాడు. కొట్టంతో పాటు పెట్టె కూడా మాదేనంటాడు. రాత్రైతే ఆ దరిదాపులకి రాడు." టామర్ శాలువా సర్దుకుంది. "నువ్వూ వెళ్లలేవులే. ఆ దళారీ కొడుకు వట్టి పిరికివాడని చెప్పి అమ్మ చేత మాన్పిద్దామనుకున్నా. ఇద్దరూ ఒకటే అయితే ఇంక ఏం చెప్పను?"

ఇంత మాట పడ్డాక ఏ మగాడైనా వెళ్తాడు. జేబెజ్ కూడా బయల్దేరాడు.

తోపుడు బండి చక్రాలకి గోనె చుట్టాడు. లాంతరు పట్టుకున్నాడు. ధైర్యానికి ఒక కీర్తన ఎత్తుకున్నాడు గానీ రెండో చరణం గుర్తు రాలేదు. మొదటి చరణాన్నే పాడుకుంటూ వాగు దాకా వచ్చాడు.

కొట్టం వెనక తలుపు కింది సందులోంచి తెల్లగా ఏదో పాకుతోంది.

మనిషంత పొడుగు. గాలి తగలగానే లేచి నిలబడింది... నడుం దగ్గర విరిగింది... మళ్లీ నేల మీద పాకింది.

జేబెజ్ కీర్తన ఆపేశాడు.

దడ్... దడదడ్.

బండి పిడి వదిలేసి లాంతరు పైకెత్తాడు.

దడ్... దడదడ్.

"ఈనాక్ మామా," అన్నాడు గుసగుసగా, "నీ మెట్లు నువ్వెక్కు. నా పెట్టె నేను పట్టుకుపోతా. ఒకరి జోలికి ఒకరం వద్దు..."

జవాబుగా మళ్లీ దొర్లాడు ఈనాక్. ఈసారి ఇంకాస్త జోరుగా.

వెనక్కి తిరగడానికి ఒక కాలు ఎత్తాడు కూడా. అప్పుడే కళ్ల ముందు దళారీ కొడుకు చెయ్యి కనబడింది. కొవ్వు పట్టిన తెల్లటి చెయ్యి. అందులో టామర్ చెయ్యి.

తలుపు తోశాడు.

లోపల మినుకుమంటున్న వెలుగు ఏదో ఉఫ్‌మని ఆరింది. చప్పుడు ఆగింది. గుప్పున ఆవిరి మొహానికి కొట్టి అతని లాంతరు కూడా ఆరిపోయింది.

చీకటి... ఎక్కడో చుక్క చుక్కగా నీరు కారుతోంది.

చేతులు చాచి తడుముకుంటూ పెట్టె దాకా వెళ్లాడు. దాని మీద చెయ్యి వేసి ఠక్కున తీసేశాడు. వెచ్చగా ఉంది... పడుకున్న గొడ్డు ఒంటిలా.

మూత తెరిచే ఉంది. ఆగలేక లోపలికి చెయ్యి పెట్టాడు. బరువుగా, మెత్తగా, బొచ్చుబొచ్చుగా ఏదో వేళ్లకి చుట్టుకుంది. లాగాడు. కప్పు పెంకుల సందులోంచి పడుతున్న వెన్నెల్లో చూసుకుంటే... వేళ్ల నుంచి ఎర్రగా కారుతోంది.

తలుపు వైపు తిరగబోయాడు.

వెనక నుంచి ముడతలు పడ్డ తడి చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది. చెవి పక్కనే గుసగుస...

"మూత పెట్టరా... వేడంతా పోతోంది."

దెయ్యాలు రకరకాలుగా మాట్లాడతాయని విన్నాడు. ఇది వినలేదు. పైగా ఆ గొంతు ప్రతి ఆదివారం మందిరం గుమ్మంలో వింటున్నదే.

"అ... అమ్మగారూ?"

మణికట్టు మీది చెయ్యి చటుక్కున వదిలేసింది.

"కాదు," అంది దెయ్యం.

"కెజయా అమ్మగారే కదండీ?"

"కాదన్నాగా. నేను ఈనాక్‌ని. వెళ్లిపో."

"ఈనాక్ మామది బొంగురు గొంతు."

"చచ్చాక మారింది."

జేబెజ్‌కి ఆ భయంలోనే నవ్వొచ్చింది. నవ్వితే నిజంగానే చంపేస్తుందని బిగబట్టాడు. కాసేపటికి పెద్ద నిట్టూర్పు, తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. కొవ్వొత్తి వెలుగులో కెజయా సట్‌క్లిఫ్, గౌను చేతులు పైకి మడిచి, తల మీద టోపీ చెవి మీదికి జారి, మొహమంతా ఆవిరితో నిలబడి ఉంది. అతని చేతిలో ఉన్నది ఆవిడ ఎర్ర ఉన్ని లంగా. రంగు వదులుతోంది.

"నా బట్ట వదులు," అంది.

వదిలేశాడు. మూత పెట్టాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి గానీ వడ్రంగి బుద్ధి ఊరుకుంటుందా? పిడి పట్టుకుని ఒకసారి తిప్పి చూశాడు. దడ్... దడదడ్. బట్టలు మూల నుంచి మూలకి పడుతున్న చప్పుడు.

"ఇరుసు కీచుమనడం లేదేం?"

"బాతు కొవ్వు రాశాం. నువ్వు చేసినప్పుడు పందిపిల్లలా అరిచేది. మూత కారిపోతుంటే చుట్టూ ఉన్ని గుడ్డ కుట్టాం. పైగా ఇంత పొట్టిగా ఎవరి కోసం చేశావు? ఎప్పుడైనా వంగి గంటసేపు తిప్పావా? దాని కాళ్ల కింద ఇటుకలు పెట్టాకే మా నడుం నిలిచింది."

జేబెజ్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఇటుకలు చూస్తున్నాడు. "ఎంత తేలిక. నాకెందుకు తట్టలేదు? ఎవరు పెట్టారివి?"

"ఎవరో మంగళవారం మనిషి. నాది గురువారం."

జేబెజ్ తలెత్తాడు. కెజయా నాలిక కరుచుకుంది.

"మొత్తం ఎంతమందండీ?"

"నాకు తెలీదు. తలుపుకి బట్టల క్లిప్పు తగిలించి ఉంటే లోపల ఎవరో ఉన్నట్టు. ఎవరని అడగం. అడిగితే మనమెందుకొచ్చామో చెప్పాలి. ఊరంతా బట్టలుతికే సోమవారం నాడు ఎవరి పెరట్లో వాళ్లం తొట్టిలో ఉత్త నీళ్లని తెడ్డుతో బాదుతాం, చప్పుడు వినబడాలని."

"మరి ఇన్నాళ్లూ ఒక్కరూ కొనలేదే నా మిషను."

"ఒకటి ఊరికే తిరుగుతుంటే రెండోది ఎందుకురా?"

"ఈనాక్ మామ కథ కూడా మీరే పుట్టించారా?"

"అబద్ధమాడటం పాపం. చప్పుడు విని కావలివాడే పుట్టించాడు. మేం కాదనలేదు, అంతే."

తర్వాత ఆవిడ కుడి చెయ్యి కొవ్వొత్తి దగ్గరికి తెచ్చింది. మణికట్టు వాచి, కందిపోయి ఉంది. "చలికాలం నుంచి ఇది తెడ్డు పట్టదు. ఇంట్లో నలుగురు మగాళ్ల మిల్లు బట్టలు. టామర్ పొద్దున పోతే రాత్రికి వస్తుంది. మందిరం గుమ్మంలో అన్ని మాటలన్న నోటితో ఎవరికి చెప్పుకోను?"

జేబెజ్ మొహంలో నవ్వు పోయింది. "నేనెవరికీ చెప్పనండి. దానికి బదులుగా పిల్లనిమ్మని కూడా అడగను. కానీ... పెట్టె తీసుకెళ్లాలి. రేపు పాస్టరమ్మగారు చూస్తానన్నారు. ఆవిడ కొంటే మీరన్న షరతు తీరుతుంది."

కెజయా పెట్టె వైపు చూసింది. మణికట్టు వైపు చూసింది. పెట్టె మూత మీద చెయ్యి వేసింది, దూడ తల మీద వేసినట్టు.

"పాస్టరమ్మకి వద్దు. నేను కొంటా."

"మీరా? చీకట్లోనా?"

"పగలే. ఇప్పుడు మీ ఇంటికి తోసుకుపో, తెల్లారాక అందరూ చూస్తుండగా మా పెరట్లోకి దింపు."

"మరి చేతులిచ్చింది దేవుడు, పిడి ఇచ్చింది..."

"అన్న మాటలకేం, ఉతికితే పోతాయి. కాళ్లు పొడుగు చేసి ఇవ్వు. ఇటుకలతో పెళ్లివారికి చూపించలేను."

"పెళ్లివారా?" అన్నాడు జేబెజ్. అలాంటప్పుడు కూడా ఆ మాటే దొరికింది పాపం.

"నీ పెళ్లికొచ్చేవాళ్లే మొద్దూ. ఆ కొస పట్టుకో, లంగా పిండుదాం."

తెల్లారింది. మాట పోకూడదని జేబెజ్ ముందుగా పాస్టరమ్మగారి గుమ్మం ఎక్కాడు. ఆవిడ పిండి చేతులతో తలుపు తీసింది.

"క్షమించండమ్మగారూ. మీరు చూస్తానన్న మిషను అమ్ముడుపోయింది. రాత్రే కొట్టంలోంచి తీసేశా."

పాస్టరమ్మ మొహం పాలిపోయింది. "తీసేశావా? మరి నా మంగళ..." ఆపేసి, దగ్గి, చేతులు తుడుచుకుంది. "అయినా, చూస్తానని నేనెప్పుడన్నాను నాయనా?"

"నిన్న టామర్‌తో కబురంపారు కదండీ."

"టామర్ నాతో మాట్లాడి నెల దాటింది."

జేబెజ్ గబగబా మెట్లు దిగాడు. దిగినవాడు కొండవాలు మీది సట్‌క్లిఫ్‌ల పెరడు దాకా ఆగలేదు. టామర్ మిల్లుకి వెళ్లే ముందు ఎర్ర లంగా ఆరేస్తోంది.

రాతిగోడ మీద మోచేతులు ఆనించి అడిగాడు: "మీ అమ్మ గురువారాలు ఎక్కడికెళ్తోందో నీకెప్పటి నుంచి తెలుసు?"

టామర్ పళ్ల మధ్యనున్న క్లిప్పు తీసింది. తీరిగ్గా లంగా అంచుకి పెట్టింది.

"ఆ కొట్టం వెనక తలుపు గొళ్లెం ఎలా తీయాలో అమ్మకి ఎవరు చూపించారనుకున్నావ్?"