పొద్దుటి మిస్డ్ కాల్

అంతమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతుంటే లోపల ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఆ వెంటనే కొడుకు గోవర్ధన్ లేచి ఎవరికో కలిపాడు. ఒక్క రింగు పోగానే కట్ చేశాడు. మాటా లేదు, పలుకూ లేదు. నెల రోజులుగా ఇదే తంతు.

మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ నిద్రకు దూరమై, ఒకరోజు ఆఫీసు మెట్ల మీద కూలబడి ఏడ్చిన కొడుకును సొంతూరు ముడిమ్యాలకు తెచ్చుకుంది అంతమ్మ. దవాఖానలో మందులిచ్చారు. అవి వేసుకుంటూనే ఈమధ్య ప్రతి ఆదివారం మొయినాబాద్ పోతున్నాడు. "మాసొంటోళ్లమే కూసుంటమవ్వా, మాట్లాడుకుంటం," అంటాడు. ఎవరికైనా నమ్మబుద్ధవుతుందా? చేవెళ్ల రోడ్డు పొడవునా భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజులవి. నవ్వుతూ పలకరించిన ప్రతివాడూ పొలం మీద కన్నేసినవాడే. మనసు బాగాలేని పిల్లాడితో సంతకం పెట్టించుకోవడం ఎంతసేపు?

"ఎవరురా ఆ ఫోన్ జేసేది?" అని అడిగేసింది.

"ఎంకపల్లి ధనమ్మక్క."

"ఆమెకేం పని నీతోని?"

"పనేం లేదవ్వా. లేచిన అని ఆమె మిస్డ్ కాల్ ఇస్తది. లేచిన అని నేనిస్త."

"లేస్తే లేస్తరు. దానికి గూడ ఫోన్లా?"

గోవర్ధన్ ఫోను జేబులో వేసుకుని టమాట తోటకు నడిచాడు. అంతమ్మ అనుమానం ఇంకాస్త ముదిరింది. సాయంత్రం అతను స్నానానికి పోగానే ఫోను తీసుకెళ్లి, మోగినా వినబడకుండా కొట్టంలో టార్పాలిన్ పరదాల కింద దాచేసింది. "తోటల పడేసుకున్నవేమో," అంది మొహం మారకుండా. పాపం, చీకటి పడేదాకా చాళ్లన్నీ వెతికాడు.

మర్నాడు గోవర్ధన్ లేవలేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. పక్కన పెట్టిన చాయ చల్లారిపోయింది.

ఎండెక్కుతుండగా ఇంటిముందు ఆటో ఆగింది. నడివయసు మనిషి, చెప్పులైనా లేకుండా దిగి ఉరికొచ్చింది. "నేను ధనమ్మ. గోవర్ధన్ ఉన్నడా?"

అంతమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "మా భూమి అమ్మం. పో."

"భూమి నాకెందుకక్కా? పిల్లగాడు మంచిగున్నడా? గదొక్కటి చెప్పు."

"నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు. నేనూ గసొంటి మందులే మింగుతున్న. పొద్దుగాల మిస్డ్ కాల్ రాకపోతే, ఎవరో ఒకరం పోయి చూసి రావాలని మాట పెట్టుకున్నం. ఒకనాడు నేను ఇయ్యలే. మాతోని కూసునే అనంతయ్య సైకిల్ మీద ఉరికొచ్చి తలుపు కొట్టిండు. కొట్టిండు గనుకనే ఇయ్యాల నీ ముందట నిలబడ్డ."

అంతమ్మ పక్కకు తప్పుకుంది.

లోపల గోవర్ధన్ లేచి కూర్చున్నాడు. "ఫోన్ పోయిందక్కా," అన్నాడు నెమ్మదిగా.

అంతమ్మ కొట్టంలోకి పోయి ఫోను తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "పోలే బిడ్డా. నేనే దాచిన."

"నన్నడిగితే చెప్తుంటి గదవ్వా."

"అడిగిన. నువ్వు చెప్పినవు. నేనే నమ్మలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ధనమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టింది. కాసేపు మొహంలోకి చూసి, "నువ్వు కంటినిండ నిద్రపోయి ఎన్నొద్దులైందక్కా?" అంది. కొడుకు ఇంటికొచ్చిన నాటినుంచి ఆ మాట అంతమ్మను అడిగినవాళ్లు లేరు. కట్టుకున్నవాడు కూడా అడగలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది, అంతే.

మర్నాడు ఫోను ఒక్కసారి మోగి ఆగింది. గోవర్ధన్ తిరిగి ఇచ్చాడు. అంతలోనే మళ్లీ మోగి ఆగింది.

"మల్లెందుకురా?"

"అది నీకవ్వా." ఏది నొక్కాలో చూపించాడు.

కళ్లాపి తడి చేతిని కొంగుకు తుడుచుకుని నొక్కింది అంతమ్మ. చెవి దగ్గర పెట్టుకుంది గానీ, కట్ చేయడం మరిచిపోయింది. అవతల ధనమ్మ ఎత్తి, "అక్కా?" అంది.

"లేచిన ధనమ్మా," అని అంతమ్మ అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చేసింది.