ఉన్ని కోటులో నార దారం

సుల్తాన్ సొంత పటాలమైన జనిసరీ సైనికుల ఉన్ని గోదాం కాపలాదారు ఆ శుక్రవారం పొద్దున్న తను కాపాడాల్సిన మూటల మధ్యే శవమై దొరికాడు. మెడ చుట్టూ సన్నటి తాడు గుర్తు. తాళం పగల్లేదు. ఒక్క మూట కూడా పోలేదు. దొంగలైతే ఇంత మర్యాద చూపించరు.

కాసేపటికే ఏజెంట్ విడాల్‌కి పిలుపొచ్చింది. సలోనికా రేవుపట్నంలోని యూదుల పేటలో అతను నీలిమందు వ్యాపారి. సుల్తాన్ కొలువుకి మాత్రం వెనిస్ గూఢచారుల్ని వాసనపట్టే మనిషి. మీటింగ్ ఎప్పటిలాగే హమామ్ స్నానశాలలో, ఆవిరి మధ్య. తలుపు దగ్గర కోడ్ అడిగారు.

"నీలిమందు ఎలా ఉందయ్యా?"

"ఈ ఏడు ముదురు రంగే దిగుతోంది."

జనిసరీల దుస్తుల అధికారి రుస్తుం ఆగా నడుముకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. "గోదాం తగలబెట్టడానికి వెనిస్ మనిషి దిగాడు. క్రీట్‌లో వెనిస్‌తో యుద్ధం, నెత్తిమీద చలికాలం. ఒంటిమీద ఉన్ని లేకపోతే మావాళ్లు ముందు మా మీదే తిరగబడతారు. ఆదివారం బట్ట ఓడెక్కాలి."

"ఎక్కకపోతే?"

"మీ పేట తరఫున బట్ట అప్పగించే పెద్ద మీ అన్నేగా? ఇస్తాంబుల్‌లో పోయేది ఆయన తల."

విడాల్ వెంటనే లేచాడు. తల్లీతండ్రీ పోయాక తనను పెంచింది ఆ అన్న షెమ్తోవే.

అక్కణ్నుంచి నేరుగా ఎస్త్రెయా ఇంటికి వెళ్లాడు. రేవులో దిగే ప్రతి వెనిస్ కెప్టెన్‌కీ ఆ వాకిలి తెలుసు. భర్త పోయిన అందగత్తె, కుట్టుపనిలో దిట్ట. వాళ్ల కబుర్లు విడాల్‌కి చేరవేస్తుంది. విడాల్ కబుర్లు వాళ్లకి చేరవేయదని మాత్రం ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఇవాళ ఆమె పక్కనే ఒక వెనిస్ నావికుడు తిష్ట వేసి ఉన్నాడు.

"నీలిమందు అమ్ముకునేవాడికి ఇక్కడేం పని?" అంది ఎస్త్రెయా, సూది ఆపకుండానే.

"దారి తప్పానమ్మా."

"ఆ తప్పిన దారే పట్టుకుని పో. మీ కొత్త చుట్టం దువార్తేకి కోటు కుట్టి పంపా. వెళ్లి చూడు, పనితనమంటే ఏంటో తెలుస్తుంది."

మాటలో వెటకారం ఉంది గాని కళ్లల్లో నవ్వు లేదు. ఈమె అసలు ఎవరి పక్షమో అని అనుమానపడుతూ విడాల్ చిరాగ్గా బయటికొచ్చాడు.

దువార్తే ఆ మధ్యే లిస్బన్ నుంచి వచ్చాడు. బలవంతాన క్రైస్తవులైన యూదుల బిడ్డనని, తాతల మతంలోకి తిరిగొచ్చానని ఏడ్చాడు. పేట పేటంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. మూటలకి ముద్రలు వేసే పని, గోదాం తాళంచెవి కూడా ఇచ్చింది.

పొద్దు వాలుతుండగా విడాల్ సముద్రం ఒడ్డునున్న గోదాంకి చేరాడు. సూర్యాస్తమయంతో సబ్బాతు, యూదుల విశ్రాంతి రోజు, మొదలయ్యేలోపు తలుపులు మూసేయాలి. లోపల అన్న షెమ్తోవ్, మతగురువు హాహాం బర్జిలాయ్, దువార్తే ఉన్నారు. చేతులు వెచ్చబెట్టుకోవడానికి దువార్తే నిప్పుకణికలున్న రాగి బంతి పట్టుకున్నాడు.

"మీరు ప్రార్థనకి బయల్దేరండి. నేను తాళం వేసుకుని వస్తా," అన్నాడు.

విడాల్ చూపు అతని కోటు అంచు మీద పడింది. ఉన్ని కోటుకి తెల్లటి నార దారంతో కుట్లు! ఉన్నీ నారా ఒకే బట్టలో కలిస్తే అది షాత్నెజ్. యూదుడు ఒంటిమీద వేసుకోకూడదు. యూదు నేతగాళ్ల ఊళ్లో పుట్టిన ఎస్త్రెయాకి అది తెలియదా? నావికుడి కళ్లముందే ఆమె తనకి కబురు చెప్పింది.

"దువార్తే, నీ కోటు షాత్నెజ్," అన్నాడు విడాల్.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇలాంటివి తెలియవు. ఎవరూ తప్పుపట్టరు. తెలిశాక మాత్రం సిగ్గుతో అక్కడికక్కడే విప్పేస్తారు.

"ఇంటికెళ్లి విప్పుతాలే," అన్నాడు దువార్తే.

హాహాం కనుబొమ్మలు లేచాయి. "ఇంటికెళ్లి కాదు నాయనా. నడివీధిలో ఉన్నా సరే, అక్కడే విప్పాలి. దేవుడి మాట ముందు మర్యాదేంటి?"

"చలిగా ఉంది హాహాం గారూ..."

"నాది తొడుక్కో," అంటూ షెమ్తోవ్ తన కోటు విప్పి చాచాడు.

దువార్తే దాన్ని అందుకోలేదు. తన కోటుని ఒక చేత్తో బిగించి పట్టుకుని మూటలవైపు వెనక్కి జరిగాడు. రెండో చేతిలోని రాగి బంతి మూత టక్కున తెరుచుకుంది. నిప్పుకణిక కోటు అంచుని తాకగానే లోపలున్న వత్తి బుస్సుమంది. లైనింగ్ నిండా తుపాకి మందు!

విడాల్ ఒక్క ఉరుకున అతని కాలర్ దొరకబుచ్చుకున్నాడు. సరుకు దించే తలుపుదాకా ఈడ్చుకెళ్లి, కోటుతో సహా సముద్రంలోకి తోసేశాడు. నీళ్లమీద పొగ లేచింది. వత్తి చల్లారిపోయింది. పడవవాళ్లు దువార్తేని పైకి లాగి ఆగా సైనికులకి అప్పగించారు. షెమ్తోవ్ తమ్ముణ్ని కరుచుకుని వదల్లేదు.

నావికుణ్ని పట్టుకోడానికి ఎస్త్రెయా ఇంటికి పరిగెత్తిన సైనికులు వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఇల్లు ఖాళీ. నావికుడి ఓడ రేవు దాటిపోయింది. పొద్దున్న ఆమెను అనుమానించినందుకు విడాల్ గుండె కలుక్కుమంది.

హాహాం మాత్రం ఒక మూటమీద కూలబడి గడ్డం నిమురుకుంటున్నాడు.

"దెబ్బేమైనా తగిలిందా హాహాం గారూ?"

"లేదురా. వాడసలు యూదుడే కాదు కదా! షాత్నెజ్ వాడికి నిషేధమే కాదు. ఆ కోటు విప్పమని వాణ్ని అనవసరంగా బలవంతపెట్టాం."