చిన్నక్క బూత్‌లో మూడో పిలుపు

నాగలమడిక నుంచి సోలార్ పార్కు వైపు పోయే దారిలో, ఏటి ఇసుక కనబడే మలుపు దగ్గర, ఒంటి గది ఇల్లొకటి ఉండేది. ఉండేది ఏంది, ఇప్పటికీ ఉండాది. గోడ మీద పసుపు రంగు వెలిసిపోయి, ఎస్టీడీ అన్న మాటలో చివరి అక్షరం మాత్రం మిగిలింది. దాన్ని చిన్నక్క బూత్ అంటారు. చీకటి పడినాక ఆ మలుపులో బైకు మెల్లగా నడిపే మగాడు ఈ హోబ్లీ ఊళ్ళల్లోనే లేడు. అక్కడ హంపు వేసి చూసినారు. దాని మీద ఎగిరి పడ్డారే గానీ, ఒక్కడూ బ్రేకు మీద కాలు పెట్టలేదు.

చిన్నక్క బతికున్న కాలంలో చుట్టుపక్కల గొర్రెలోళ్ళ ఇండ్లన్నిటికీ అదొక్కటే ఫోను. బెంగళూరు నుంచి ఎవరికన్నా ఫోనొస్తే, రిసీవర్‌ను బల్ల మీద పడుకోబెట్టి, మెట్టు మీదికొచ్చి, పేరు పెట్టి కేకేసేది. ఆ గొంతుకు ఏటి అవతల మేసే గొర్రెలు కూడా తల ఎత్తేవంట. రాకపోతే ఇంకో కేక. దానికీ రాకపోతే — ఫోను పెట్టేసేది. మూడోసారి పిలిచే అలవాటు లేదు ఆమెకు.

"నా గొంతేమన్నా సర్కారు కొళాయినా?" అనేది.

ఆమె పోయింది. ఫోన్లు జేబుల్లోకి వచ్చేసినాయి. బూత్ మూతపడింది.

కేకలు మాత్రం ఆగలేదు... అంటారు.

పొద్దు గూకినాక ఆ మలుపు దాటేవాళ్ళను ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. ఒకసారి... కాసేపాగి, ఇంకోసారి. అంతే. మొదటి పిలుపుకే "ఆఁ" అన్నవాడు మంగళవాడ బోరయ్య. తెల్లారి ఏటి ఇసుకలో దొరికినాడు — ప్రాణంతోనే. ఆ పొద్దు నుంచి అతనికి పని చేతకాదు. అంతకు ముందు చేసినట్టు చూసినవాళ్ళు కూడా లేరు గానీ, ఊరు ఆ నింద చిన్నక్క మీదే వేసింది. చచ్చినామె వచ్చి వాదించదు కదా!

అట్లా పుట్టింది కట్టుబాటు. చీకట్లో ఎవరు పిలిచినా సరే, మూడోసారికి గానీ పలకకూడదు. దెయ్యానికి రెండు పిలుపులే. మూడోది మనిషిది.

ధనలక్ష్మి దీన్నేమీ నమ్మేది కాదు. నమ్మే తీరిక కూడా లేదామెకు. సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే కాంట్రాక్టు ఆమెది. పగలంతా కాగిన అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది కాబట్టి, పొద్దు గూకినాకే పని. తలకు లైట్లు కట్టుకొని, ట్యాంకరు వెనక పైపులు లాక్కుంటా, ఆమె కూలోళ్ళు — అందరూ ఆడోళ్ళే — ఆ నల్లటి వరసల మధ్య నడుస్తారు. పార్కుకు పొలాలిచ్చినవాళ్ళకు ఏటేటా కౌలు వస్తుంది. పొలం లేనివాళ్ళకు వచ్చింది ఆ పైపే. సూర్యుడు అందరికీ ఒకటే అని చెప్పేవాళ్ళను ఒకసారి ఆ పైపు పట్టించి చూడాల.

ఆ పైపుకే ముప్పొచ్చింది.

గాలీవాన వచ్చిన ఒక సాయంత్రం సైట్ ఇన్‌ఛార్జి గోపికృష్ణ ఫోను చేసినాడు. చేసినాడు, చేసినాడు... ఒక్కరూ ఎత్తలేదు. ఉరుముల్లో, ఇనప చట్రాల నడుమ, ఆడోళ్ళు ప్యానెళ్ళు కడుగుతానే ఉన్నారు. మర్నాడు ధనలక్ష్మిని పిలిచినాడు.

"చూడమ్మా, ఇంకోసారి మీ వాళ్ళు మెరుపుల్లో లోపల కనబడితే కాంట్రాక్టు వేరేవాళ్ళకు పోతాది. నా చేతిలో ఏం లేదు. ఒకటే నంబరు పెట్టుకో. ఎప్పుడు చేసినా పలకాల. ఆడినుంచి అందరికీ ఒకేసారి కబురు పోవాల."

"కాంట్రాక్టు సంగతి సరే సార్. పిడుగు పడితే?"

"అప్పుడు మాట్లాడుకునేదానికి నువ్వూ నేనూ ఈ కుర్చీల్లో ఉండం."

అట్లా మొదలైంది ధనలక్ష్మి ఫోన్ల వేట. అట్లాంటిది ఇంటర్నెట్ మీద నడిచే ఫోనుతోనే అయితాదన్నారు. దానికి ముందు ఇంటర్నెట్ ఉండాల. పార్కు కోసం వేసిన కేబుల్ ఆ దారి వెంబడి పోతా పోతా ఒక్కచోటే బయటికి తల పెట్టింది — చిన్నక్క బూత్ పక్కన. ఆ గది సొంతదారుడు అడగకముందే తాళంచెవి చేతిలో పెట్టి, ఆమె వద్దంటుందేమోనన్న భయంతో వెనక్కి చూడకుండా పోయినాడు. ధనలక్ష్మి గది ఊడ్చింది. గోడకు ఇంటర్నెట్ పెట్టె తగిలించింది. పెట్టెలో పచ్చ లైటు వెలిగింది. ఆఫీసు తయారు.

"ఆడ కూర్చుంటావామ్మా?" అని అడిగింది రంగక్క. కూలోళ్ళలో పెద్దామె. ధనలక్ష్మిని ఎత్తుకొని పెంచిన మనిషి కాబట్టి ఏమైనా అడుగుతుంది.

"కూర్చుంటా. కరెంటుంది, ఫ్యానుంది."

"చిన్నక్క కూడా ఉండాదే."

"ఉంటే ఫోను ఎత్తమను. నాకు జీతం మిగులుతాది."

మొదట తెచ్చిన సిస్టంలో ఒకామె ఇంగ్లీషులో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనేది. ఒకటి నొక్కితే ఇంకొకామె వచ్చి మళ్ళీ ఒకటి నొక్కమనేది. "వీళ్ళు అక్కచెల్లెండ్లా, తోడికోడండ్లా? ఒకరి మీద ఒకరు తోసుకుంటాండారు," అని రంగక్క పెట్టేసింది.

రెండోదాంట్లో మనిషి దొరికేదాకా వీణ వాయించేది. కూలోళ్ళకు అది బాగా నచ్చింది. పని లేనప్పుడు ఫోను చేసి, వీణ విని, మనిషి దొరకగానే పెట్టేసేవాళ్ళు.

మూడోది తుమకూరు కార్తిక్ అమ్మేది. తల్లిది మడకశిర వైపు కాబట్టి అతనికి తెలుగు వచ్చు. వచ్చినంత మేరా ఆపకుండా మాట్లాడతాడు.

"మేడమ్, దీంట్లో అన్నీ ఒకేచోట. మాట్లాడేది, మెసేజీలు, రికార్డింగు — అన్నీ. మీరు మీ గొంతులో ఒక్క మాట రికార్డు చేసి పెట్టుకోండి. ఒక్క బటన్ నొక్కితే అందరికీ ఒకేసారి ఫోను పోతాది. ఎత్తినవాళ్ళకు మీ మాట వినబడుతుంది. ఎత్తనివాళ్ళకు మళ్ళీ చేస్తుంది, తనంతట తనే."

"ఎన్నిసార్లు?"

"మొత్తం రెండుసార్లు మేడమ్. దానికీ ఎత్తకపోతే వదిలేస్తుంది."

ధనలక్ష్మికి అప్పుడు ఏమీ తట్టలేదు. తనే రికార్డు చేసింది — "అందరూ పని ఆపి రోడ్డు మీదికి రండి." ఆ సాయంత్రం కూలోళ్ళు లోపలున్నప్పుడు బటన్ నొక్కి చూసింది.

ఒకసారి మోగినాయి. ఎవరూ ఎత్తలేదు.

రెండోసారి మోగినాయి. దూరంగా ఆ చీకట్లో తలలైట్లు ఒక్క క్షణం ఆగినాయి... మళ్ళీ కదిలినాయి. ఎత్తలేదు.

పని ముగించుకొని వచ్చినవాళ్ళను రోడ్డు మీదే నిలదీసింది.

"చెవుల్లో ఏం పెట్టుకోనుండారు మీరు?"

"వినబడిందిమ్మా," అంది రంగక్క నెమ్మదిగా. "యాడినుంచి వచ్చిందో కూడా తెలిసింది. ఆ బూత్ నంబరు. చీకట్లో. రెండుసార్లు పిలిచి ఊరకైంది. ఇంకా ఎత్తమంటావా?"

"అది కంప్యూటరు రంగక్కా!"

"కానీలే. ఏ కంప్యూటరైనా మనిషి పంపించిందైతే మూడోసారి పిలవదా? కాంట్రాక్టు పోతే ఇంకో పని చేసుకుంటాం. ఇసుకలో పడితే ఎవరు లేపుతారు?"

"బోరయ్య తాగి పడినాడు!"

"నువ్వు చూసినావా?"

చూడలేదు. రుజువు లేని మాటతో వాదం గెలవలేమని ధనలక్ష్మికి తెలుసు. రంగక్కకు కూడా రుజువు లేదు, కానీ ఆమెకు అవసరం లేదు. ఊరి నమ్మకానికి ఎప్పుడూ రుజువు అడగరు, అడిగేవాళ్ళనే అడుగుతారు.

ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే కార్తిక్‌కు ఫోను చేసింది.

"మీ సిస్టం మూడోసారి పిలవాల. పిలిస్తేనే తీసుకుంటా."

"మేడమ్... అందరూ తక్కువసార్లు చెయ్యమంటారు. మూడు ఎందుకు?"

"మా వాళ్ళు దెయ్యానికి పలకరు. మీది ఇప్పుడు దెయ్యం లెక్కలో ఉండాది."

ఇట్లాంటిదానికి కార్తిక్ కాగితాల్లో జవాబు రాసి ఉండదు. "చెప్పి పెట్టిస్తాను మేడమ్. అయిపోయిందనుకోండి," అన్నాడు. అయిపోయిందనుకుంది ధనలక్ష్మి. వేరే రెండూ వాపసు పంపింది. మూడోసారి పిలుస్తుందని కూలోళ్ళకు గట్టిగా చెప్పింది. "మూడోది వస్తే ఎత్తుతాం," అన్నారు వాళ్ళు. అంతకన్నా మాటివ్వలేదు.

తర్వాత వచ్చిన గాలీవాన పడమటి నుంచి వచ్చింది.

ధనలక్ష్మి బూత్‌లోనే ఉంది. ముందు దుమ్ము లేచింది. తలుపు దానంతటదే కొట్టుకుంది. ఫోను మోగింది — గోపికృష్ణ. "మెరుపులు దగ్గరికొస్తాండాయి. బయటికి తీయించమ్మా, తొందరగా!"

బటన్ నొక్కింది.

కిటికీలోంచి చూస్తే, దూరంగా తలలైట్లు చుక్కల మాదిరి. ఒకసారి పోయింది పిలుపు... చుక్కలు కదల్లేదు.

రెండోసారి పోయింది. కదల్లేదు.

మూడోది పోవాల—

తెల్లగా మెరిసింది. గోడ మీది పెట్టెలో పచ్చ లైటు ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. చేతిలోని ఫోనులో సిగ్నల్ లేదు. ధనలక్ష్మి మెట్టు మీదికి ఉరికి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. ఆ గాలిలో ఆమె కేక ఆమెకే వినబడలేదు.

ఇంక పరిగెత్తిపోదామని కాలు కింద పెట్టింది.

అప్పుడు... చుక్కలు కదిలినాయి.

ముందు ఒకటి. వెనకాలే అన్నీ. వరస కట్టి, రోడ్డు వైపుకు, పరుగున. చివరి చుక్క గేటు దాటిందో లేదో, వెనక, వాళ్ళు నిలబడిన వరస మీదే పిడుగు పడింది. పైపులు వదిలేసిన చోట అద్దాలు పొడిపొడిగా లేచినాయి.

పెట్టె ఆరినా పిలుపులు బెంగళూరులోని మిషన్ల నుంచి పోతాయని కార్తిక్ చెప్పింది గుర్తుకొచ్చి, ధనలక్ష్మి మెట్టు మీదే కూలబడింది. పోయినాయి. మూడోది పోయింది.

తడిసి ముద్దయి రంగక్క అందరికంటే ముందొచ్చింది. వచ్చింది కృతజ్ఞత చెప్పడానికి కాదు.

"ఏమ్మే! నిన్ను చంకనేసుకొని మోసినదాన్ని. నన్ను 'రంగీ' అంటావా?"

"నేనా?"

"ఇంకెవరు? 'రంగీ, పైపు పారేసి రాయే' అంటివి కదా! ఆ కోపంతోనే గదా నేను పరిగెత్తి వచ్చింది, నాలుగు తిడదామని. వీళ్ళనూ అట్లే పిలిచినావంట, చిన్నప్పటి పేర్లతో. ఎవరు చెప్పినారు నీకు ఆ పేర్లు?"

ధనలక్ష్మి చేసిన రికార్డులో ఎవరి పేరూ లేదు. రంగక్కను రంగీ అని పిలిచేవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు.

"ఫోనులోనేనా... వినబడింది?" అని మెల్లగా అడిగింది.

"మరింక యాడినుంచి?" అంది రంగక్క. అని, ఒడిలోంచి ఫోను తీసి చూసుకుంది. దాంట్లోంచి నీళ్ళు కారినాయి. "...గట్టిగా వినబడిందిలే," అంది.

మర్నాడు గోపికృష్ణ వచ్చి పొడైన ప్యానెళ్ళు చూసి, కడిగే పని ఏడాది పొడవునా వీళ్ళదేనని చెప్పి పోయినాడు. "మంచి సిస్టం పట్టినావు," అన్నాడు. ధనలక్ష్మి కూడా అదే అనుకుంది. అనుకోవాలని గట్టిగా అనుకుంది.

పొద్దు గూకే వేళ, బూత్‌లో ఒక్కతే ఉన్నప్పుడు, కార్తిక్ ఫోను చేసినాడు.

"సారీ మేడమ్. మీరడిగిన మూడోసారి పిలుపు... పెట్టడం ఆలస్యమైంది. మీరడిగినప్పటి నుంచి ఇప్పటిదాకా మా సిస్టం రెండుసార్లే పిలుస్తోంది. దానికి మించి పోదు. ఇప్పుడే పెట్టిస్తున్నా. పెట్టమంటారా?"

ధనలక్ష్మి కళ్ళు తలుపు బయటి మెట్టు మీదికి పోయినాయి.

"మేడమ్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నానప్పా... మూడోది వద్దు. మీరు రెండుసార్లు పిలవండి, చాలు. మూడోది మాకు ఈడనే ఉండాది."

"ఈడనే అంటే... ఏ కంపెనీ మేడమ్?" కార్తిక్ గొంతులో అనుమానం. "మాకంటే తక్కువకు ఇచ్చినారా?"

ఆమె జవాబు చెప్పేలోపల బయట మెట్టు మీద నుంచి ఎవరో పిలిచినారు. ఆడగొంతు. పెద్దది. పేరు పెట్టి.

ధనలక్ష్మి పలకలేదు.

కాసేపాగి... మళ్ళీ.

"మేడమ్," అన్నాడు కార్తిక్ తుమకూరు నుంచి, "మిమ్మల్ని ఎవరో పిలుస్తున్నట్టుంది. రెండుసార్లు వినబడింది నాకు. వెళ్ళి చూడండి, నేను లైన్లో ఉంటా."

"ఉండప్పా," అంది ధనలక్ష్మి కుర్చీలోంచి లేవకుండా. "ఇంకొకసారి పిలవనీ."