పెళ్లికొడుకుని అడగడానికొచ్చిన రోజు

"మద్దెల నా వెనకాల రావాలి. నాకంటే ముందు ఉరికితే ఎలా?"

మా బాలి ద్వీపంలోని తబనాన్‌లో మొదటి రిహార్సల్ రోజే అర్మిని నా పరువు తీసింది. లెగోంగ్ నృత్యంలో ఆడే పిల్ల భుజం విదిలించాకే మద్దెల దెబ్బ పడాలి. నేనేమో ఆమె కళ్లు చూస్తూ భుజం సంగతి మరిచిపోయాను. గమెలాన్ మేళంలో వాయించే పాతికమందీ పళ్లికిలించారు.

"మీ గియాన్యార్‌లో ఇలాగే వాయిస్తారా బ్లీ?" అని మర్యాదగా పిలుస్తూనే వెక్కిరించింది.

"మావాళ్లు ఇంత నెమ్మదిగా ఆడరు."

"అయితే వెళ్లి మీవాళ్లకే వాయించుకో."

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. ఒకే చూరు కింద నిలబడి అరగంట పోట్లాడుకున్నాం. వాన తగ్గాక ఇంకో గంట పోట్లాడుకున్నాం. మూడు నెలలయ్యేసరికి ఆమె లేకుండా నాకు పొద్దుపోయేది కాదు.

అర్మిని ఒక్కతే కూతురు. వాళ్లింటి పితరుల గుడికి వారసుడు కావాలంటే అల్లుడు ఇల్లరికం రావాలి. తబనాన్‌లో అది మామూలే. మా వైపు మాత్రం అలా వెళ్లినవాణ్ణి పెళ్లికూతురంటారు.

"మీ ఇంటికి తమ్ముడున్నాడుగా. నువ్వు మా ఇంటికొస్తావా?" అంది.

"నువ్వడిగితే రానా ఏంటి?" అన్నాను.

మంచిరోజు చూసి వాళ్ల నాన్న, ఆమె, తాంబూలం పళ్లెంతో మా ఇంటికొచ్చారు. మా అమ్మ ఒప్పుకుంది. బాబాయి మాత్రం, "రవిక తొడిగి పంపుదామా?" అన్నాడు. చుట్టాలంతా నవ్వారు.

పెద్దాయన అదేమీ పట్టించుకోలేదు. "మా ఇంటికొస్తావా నాయనా?" అని నన్నే అడిగాడు.

"కొంచెం ఆలోచించుకోనివ్వండి," అన్నాను.

ఆయన పళ్లెం తీసుకుని లేచాడు. అర్మిని నావైపు చూడలేదు.

మొహం చెల్లక రిహార్సల్‌కి వెళ్లడం మానేశాను. బాబాయి నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో వారం వాయిదా వేశాను. నాలుగు నెలలకి ధైర్యం తెచ్చుకుని, వస్తానని చెప్పడానికి వెళ్లాను. వాళ్ల వాకిట్లో పెళ్లిపందిరి విప్పుతున్నారు.

మా బృందంలో వేణువు వాయించే సుకార్జ ఎదురొచ్చాడు. "కూర్చో బ్లీ, కాఫీ తెస్తాను," అని ఇంటివాడిలా లోపలికెళ్లాడు. అర్మిని బయటికొచ్చింది.

"రానని చెప్పినా నీమీద కోపం వచ్చేది కాదు," అంది అర్మిని. "మా నాన్న నోరు తెరిచి అడుగుతుంటే నువ్వు నవ్వేవాళ్ల మొహాలు చూశావ్."

"భయపడ్డాను అర్మినీ."

"తెలుసు. అందుకే సుకార్జని అడిగినప్పుడు, ఆలోచించుకోడానికి టైమ్ కావాలా అని నేనే అన్నాను."

"ఏమన్నాడు?"

"'దేనికి?' అన్నాడు."