వలదిబ్బ మీద క్రిస్మస్

ఆ ఉదయం యేసమ్మకు పొయ్యి అంటుకోలేదు. కొల్లేటి మంచుకు పుల్లలన్నీ చెమ్మగిల్లి, ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. కళ్లు తుడుచుకుంటూ తలెత్తేసరికి కోడలు సలోమి ఇంట్లో ఉన్న చాపలన్నీ చుట్టచుట్టి అరుగు మీద నిలబెడుతోంది.

“ఆ చాపలెక్కడికే అమ్మాయ్?”

“వలదిబ్బ మీదికండీ అత్తయ్యా. ఎల్లుండి క్రిస్మస్ కదండీ, కింద పరవొద్దూ?”

యేసమ్మ చేతిలో ఊదుగొట్టం అలాగే ఆగిపోయింది.

అది పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం డిసెంబరు. గాలివానకు ఎక్కిన నీరు ఇంకా దిగలేదు. లంకలో ఏ వాకిట చూసినా పాదం మునిగే నీళ్లే. ఊరంతటికీ పొడిగా మిగిలింది వలలు ఆరేసుకునే మెరక ఒక్కటే. దాన్నే వలదిబ్బ అంటారు. లంకలోని మూడు క్రైస్తవ కుటుంబాలూ ఏటా దోనెల్లో ఒడ్డుకు వెళ్లి, బండి కట్టుకుని భీమడోలులో పండుగ చేసుకునేవి. ఈ ఏడు యేసమ్మ భర్త ఎలీయాజరుకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. పన్నెండేళ్ల కిందట లంకలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న మనిషాయన. అప్పటి నుంచి ఒక్క క్రిస్మస్ ఆరాధనా తప్పలేదు. అలాంటివాడు “ఇంక నాకు పండుగ లేదు” అని గోడవైపు తిరిగి పడుకుంటే సలోమి ఊరుకోలేదు. ఏలూరు మిషను స్కూల్లో చదువుకున్న పిల్ల. పండుగ దగ్గరికి మావయ్య వెళ్లలేకపోతే మావయ్య దగ్గరికే పండుగ రావాలని పాస్టరుగారికి ఉత్తరం రాసింది. ఆయన వస్తానన్నారు, కాకపోతే గంటసేపే. ఆ తర్వాత మరో లంకకు వెళ్లాలి.

అంతా బాగానే ఉంది. కానీ వలదిబ్బ మీద ఆడమనిషి అడుగు పడకూడదు. పడితే వలలు వట్టివి లేస్తాయని, దోనెకు కీడని ఆ లంక కట్టుబాటు.

పొద్దెక్కాక కొడుకు యోసేపు పెదనాన్న మాట మోసుకొచ్చాడు. ఆ పెదనాన్న పెద్దింటయ్య, ఎలీయాజరుకు స్వయానా అన్న, లంకకు పెద్ద. తమ్ముడు మతం పుచ్చుకున్నాక ఆ గడప తొక్కలేదు.

“మగాళ్లు కూర్చోవచ్చన్నాడు. ఆడాళ్లు మాత్రం దిబ్బ కిందే నిలబడాలన్నాడు” అన్నాడు యోసేపు, పెళ్లాం ముఖం చూడకుండా.

“నీళ్లల్లోనా? మీరు చాపల మీద, మేం జలగల్లోనా అండీ?”

“మా బావగారన్నదాంట్లో తప్పేముంది?” అంది యేసమ్మ విసురుగా. “కట్టంటే కట్టే.”

“మనం బాప్తిస్మం తీసుకున్నవాళ్లం కదండీ అత్తయ్యా. ఇంకా ఈ భయాలేంటండీ?”

“బాప్తిస్మం నాకిచ్చారు, కొల్లేటికివ్వలేదు! నాలుగక్షరాలు వస్తే నీటి సంగతి తెలిసిపోద్దనుకోకు.”

సలోమి జారిన చాపను మళ్లీ నిలబెట్టింది. మెల్లగా, గౌరవంగానే అంది: “నేను చాపలు పరిచి తీరతానండీ. మీరు మావయ్యగారి పక్కన కూర్చోవాలండీ.”

లోపలి నుంచి ఎలీయాజరు గొంతు ముద్దముద్దగా వచ్చింది. “మీ అత్త రాకపోతే... నన్నూ మోయొద్దు.”

యేసమ్మ చాటలో బియ్యం తీసుకుని పెరటి అరుగు మీదికి వెళ్లిపోయింది. రాళ్లు ఏరుతున్నట్టు కనిపించిందే గాని ఒక్క రాయీ ఏరలేదు. నలభై ఏళ్లుగా ఆమె గుండెలో ఉన్న రాయి ఏ చాటకూ అందేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో, పద్నాలుగేళ్ల పిల్ల, తప్పించుకున్న బాతుపిల్ల వెంట పరుగెత్తి మూడంటే మూడడుగులు వలదిబ్బ మీద వేసింది. ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నమే మరిది సూర్రావు దోనె మునిగి చనిపోయాడు. దిబ్బ మీద ఆడదాని పాదముద్రలున్నాయని ఊరంతా గగ్గోలు పెట్టింది. ఆ పాదాలెవరివో మొగుడికి కూడా చెప్పలేదు యేసమ్మ. ఇప్పుడు మళ్లీ అడుగేస్తే పోయేది ఎవరు? రోజూ దోనె మీద తిరిగే కొడుకు యోసేపు కాదూ?

క్రిస్మస్ నాటి పొద్దున ఆ మూడు కుటుంబాల మగవాళ్లంతా తమకున్న రెండు దోనెలూ తీసుకుని పాస్టరుగారిని తేవడానికి వెళ్లారు. మంచు విడవక ఆలస్యమైంది. దూరంగా గడకర్ర చప్పుడు వినిపించగానే సలోమి చాపల చుట్టలు మావయ్య మంచం మీద పెట్టి కొంగు దోపింది.

“ఆయనకున్నది గంటే. వాళ్లు దిగి, ఇక్కడికొచ్చి, మంచం మోసేసరికి సగం అయిపోద్ది. మనమే ఎత్తుదాం.”

సలోమి ఆడపడుచు ప్రభావతి మంచానికి ఒక కోడు పట్టుకుంది, పక్కింటి పాపమ్మ ఒకటి, సలోమి ఒకటి. నాలుగో కోడు దగ్గర ఎవరూ లేరు. ముగ్గురూ యేసమ్మ వంక చూశారు.

“దింపెయ్యండమ్మా” అన్నాడు ఎలీయాజరు. గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. చిన్నపిల్లాడిలా కళ్లల్లో నీళ్లు తిప్పుకుంటున్నాడు.

ఆ ముఖం చూసి యేసమ్మ మంచం దగ్గరికి వచ్చింది. చచ్చినవాడిని తలచుకుని భయపడుతూ బతికున్నవాడిని ఏడిపిస్తున్నానే అనుకుంది. వంగి నాలుగో కోడు పట్టుకుంది.

“ఎత్తండి” అంది.

దారి పల్లంలో మోకాటి లోతు నీళ్లలో నలుగురూ నడిచారు. దిబ్బ అంచున పెద్దింటయ్య కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఆగండక్కడే. మంచం దించి వెనక్కి పోండి. మగాళ్లు వచ్చి ఎత్తుకుంటారు.”

“దారివ్వండి పెదమావయ్యా” అంది సలోమి.

“నువ్వు ఆగమ్మాయ్.” యేసమ్మ కోడు వదలకుండానే తలెత్తింది. బావగారికి ఎదురుగా ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు. “బావగారూ, ఈ దిబ్బ నేను ముందే తొక్కానండీ. సూర్రావు పోయిన రోజు. ఆ పాదాలు నావేనండీ. మీ తమ్ముణ్ణి చంపింది నేనే. ఏ శిక్షయినా వెయ్యండి, కానీ ఈయన్ని ఈ పూట దిబ్బ ఎక్కించనివ్వండి. నేను వెనక్కి మాత్రం వెళ్లను.”

మంచం మీద ఎలీయాజరు “యేసమ్మా” అని మాత్రం అనగలిగాడు.

పెద్దింటయ్య చేతిలో కర్ర నీళ్లలో పడింది.

“నువ్వు కాదమ్మా” అన్నాడు. “ఆ దోనె అడుగు చీలింది. వాడు చూపించాడు, ‘అన్నయ్యా, వేసిన అతుకు ఇంకా ఆరలేదు, రేపెళ్తా’నన్నాడు. బద్ధకమని తిట్టి నేనే తోశాను. తర్వాత ఎవరో పాదాల సంగతి ఎత్తితే... అవునవునన్నాను. నా తప్పు మీదికి ఎవరి చూపూ రాలేదు గదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ పాదాలు మా ఇంటి పిల్లవని నాకేం తెలుసమ్మా?”

అంటూనే నీళ్లలోకి దిగి ఆమె చేతిలోని కోడు అందుకోబోయాడు. యేసమ్మ వదల్లేదు.

“ఇది నేను మోస్తానండీ. పాపమ్మ అలిసిపోయింది, అటు పట్టండి.”

పన్నెండేళ్లు పలకని తమ్ముడి మంచం కోడును పెద్దింటయ్య భుజాన పెట్టుకున్నాడు. సలోమి ముందు, యేసమ్మ ఆ వెనుక దిబ్బ ఎక్కారు. మంచం దించి ఆడవాళ్లు చాపలు పరిచారు. దోనె దిగిన పాస్టరుగారు చాపల వైపు చూసి, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారని యోసేపును మెల్లగా అడిగారు.

“వాళ్లు పరిచిన చాపలే కదండీ, వాళ్లకు నచ్చిన చోట కూర్చుంటారు” అన్నాడు పెద్దింటయ్య.

పాట మొదలైంది. ఎలీయాజరు వంకర తిరిగిన నోటితోనే అందుకున్నాడు. పక్కన కూర్చున్న యేసమ్మ పాడలేకపోయింది. సూర్రావు గుర్తొచ్చాడు. కాపురానికొచ్చిన రోజున తనకు కలువకాడ తుంచి ఇచ్చి, “వదినా, దోనెక్కుతావా?” అని నవ్విన పదహారేళ్ల కుర్రాడు. నలభై ఏళ్లలో వాడిని తలచుకుని వణికిందే గాని, వాడి కోసం ఒక్కనాడూ ఏడవలేదు. యేసమ్మ కొంగు నోట కుక్కుకుని మరిది కోసం వెక్కివెక్కి ఏడ్చింది.