తడిచేతుల నేరం

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో డిటెక్టివ్ రేణు ఆఫీస్‌కి ఆ ఉదయం వచ్చిన కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పేరు సాయి తేజ, ఎమ్మెస్ చదువుతున్నాడు. బయట మంచు కురుస్తుంటే ఇతగాడి చొక్కా వీపంతా చెమటకి తడిసి ముద్దయింది. రేణు చేయి చాపితే బెరుగ్గా కలిపాడు.

"సాయంత్రం నా మొదటి వీణ కచేరీ మేడమ్. మా వీణ టీచర్ సుధ ఆంటీ తన వీణే ఇస్తానన్నారు. పొద్దున చూస్తే తీగెలన్నీ తుప్పు! నా చేతులకి చెమటని అందరికీ తెలుసు కదా, నేనే పాడుచేశానంటున్నారు. ఇక క్లాస్‌కే రావద్దన్నారు."

"ముట్టుకున్నావా?"

"ఒట్టు మేడమ్, లేదు!"

కారెక్కుతూ అసిస్టెంట్ ఈషాన్ గొణిగాడు. "ఇతనే చేశాడు ఆంటీ, హండ్రెడ్ పర్సెంట్. ఆ చెమట చూడండి!"

"చూశాన్లే, నువ్వు డ్రైవ్ చెయ్యి" అంది రేణు.

సుధ ఇంటి బేస్‌మెంట్‌లోనే వీణ క్లాస్. ఆవిడ కోపంతో ఊగిపోతోంది. "అది మా అమ్మ వీణ అండీ! వీడు వాయిస్తుంటే నీరజ్ చూశాడు."

నీరజ్ ఆవిడ మరో శిష్యుడు. వేసవికి ముందే ఫ్రీమాంట్ వెళ్లి, అక్కడ ఇంటర్న్‌షిప్ ముగించుకుని ఈ వారమే తిరిగొచ్చాడు. సాయి తేజ తప్పుకుంటే కచేరీ ఇతనిదే.

"నిన్న క్లాస్ అయ్యాక చూశాను మేడమ్. అరచేతుల నుంచి చెమట బొట్లు బొట్లుగా కారుతోంది" అన్నాడు.

"కళ్లారా చూశావా?"

"కళ్లారా!"

రేణు తీగెలను ఈ చివర నుంచి ఆ చివర దాకా పరీక్షించి, అందరినీ కూర్చోబెట్టింది.

"సుధగారూ, తేజ చేయి పట్టుకోండి."

సుధ పట్టుకుని ఉలిక్కిపడింది. "ఇదేంట్రా, అప్పడంలా ఉంది!"

"ఆపరేషన్ చేయించుకున్నాడు. ఛాతీలో ఓ నరాన్ని క్లిప్ చేస్తే అరచేతులు ఆరిపోతాయి. కానీ చాలామందికి చెమట వీపుకి మళ్లుతుంది. ఆ చొక్కా చూసి అనుమానించాను, చేయి కలపగానే తేలిపోయింది. అవునా తేజా?"

"అవును. సమ్మర్‌లో చేయించుకున్నా. అమ్మ వద్దని ఏడ్చింది, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆంటీకి చెబితే అమ్మకి చెప్పినట్టే! వీపు తడిస్తే తడిసింది గానీ, వీణ హాయిగా వాయించగలుగుతున్నా."

రేణు నీరజ్ వైపు తిరిగింది. "ఆరిపోయిన చేతుల్లో నీకు చెమట ఎలా కనిపించిందయ్యా? అప్పుడు నువ్వు ఊళ్లో లేవు, ఆపరేషన్ సంగతి తెలీదు. పైగా వేళ్లు తగలని కొసలకి కూడా తుప్పు పట్టింది. తీగెలకి ఉప్పునీళ్లు పట్టించావు, కదూ?"

నీరజ్ ముఖం మాడిపోయింది. "కచేరీ నాకు రావాలని... సారీ ఆంటీ."

"నా కళ్లెదుట ఉండకు, వెళ్లు!" అని సుధ కళ్లొత్తుకుంది. ఈషాన్ సిగ్గుపడి తల గోక్కున్నాడు. సుధ తేజ వైపు తిరిగింది.

"తేజా, పైన అల్మరాలో కొత్త తీగెలున్నాయి, తీసుకురా. ఇద్దరం బిగిద్దాం."

"స్టేజ్ మీద నా చొక్కా తడుస్తుంది ఆంటీ. అందరూ చూస్తారు."

"చూడనీరా! నువ్వు వాయించేది వీపుతో కాదుగా" అంది సుధ.