పాలమూరు సంతలో వెక్కిరింత

"ఈ బొమ్మ కోసం మన మనిషిని ఒకణ్ణి చంపేశారు," అన్నాడు చీఫ్.

హైదరాబాద్ ఆఫీసు. 1961 ఎండాకాలం. టేబుల్ మీద ఒక ఇంగ్లీషు హాస్యపత్రిక పేజీ. ఎనభై ఏళ్ళ కిందట లండన్‌లో అచ్చయిన కార్టూన్. అందులో ఒక ఇండియన్ గుమాస్తా, బానంత తలపాగాతో, నోరు వెళ్ళబెట్టుకుని ఉన్నాడు. కింద వాడి నోట్లో పెట్టిన వచ్చీరాని ఇంగ్లీషు.

ఏజెంట్ భానుప్రసాద్‌కి ఒళ్ళు మండింది. "మన తాతల్ని ఇలా గీశారా సార్?"

"గీసినవాడు ఇండియా మొహమైనా చూసి ఉండడులే. కోపం తర్వాత. ఆ కోటు చారలు చూడు."

భూతద్దం పెట్టి చూశాడు. చారలు కావవి, అమ్రాబాద్ అడవి దారులు! మన రహస్య సర్వే క్యాంపు, దాని పక్కన పేలుడు మందుల గోడౌను, అన్నీ ఉన్నాయి.

"విదేశీ ముఠా పని. పాత కార్టూన్లకు నకళ్ళు తీసి, గీతల్లో మ్యాపులు దాస్తారు. కస్టమ్స్‌వాళ్ళు చూసి, నవ్వుకుని, వదిలేస్తారు. ఇది మనకు దొరికిన కాపీ. ఇంకో కాపీ రేపు మహబూబ్‌నగర్ గొర్రెల సంతలో చేతులు మారుతుంది. అది దేశం దాటిందా, క్యాంపులో ఒక్కడూ మిగలడు."

"తెచ్చేదెవరు?"

"గొర్రెల కాపరి వేషంలో ఒక కొరియర్. నువ్వూ అదే వేషం వెయ్యి. మిస్ ఎల్వీరా ఎర్ర గొడుగుతో వాడి పక్కన నిలబడుతుంది. కోడ్ వర్డ్ 'నల్ల గొర్రె'."

ఎల్వీరా పాత వ్యంగ్యపత్రికల మీద రీసెర్చ్ అంటూ మన దేశానికి వచ్చిన అందగత్తె. డబుల్ ఏజెంట్. ఆ డబుల్ మన వైపేనని చీఫ్ నమ్మకం.

భానుప్రసాద్‌ది ఏలూరు. తెలంగాణ గొర్రెల కాపరిని అతను చూసిందల్లా వారపత్రికల జోకుల్లోనే. ఆ చదువంతా వేషంలో పెట్టాడు. ముందు పన్నుకి నల్లరంగు పూశాడు. నెత్తికి పెద్ద తలపాగా చుట్టాడు. కళ్ళు మెల్ల పెట్టి, ప్రతి మాటకూ ఒక 'గ' తగిలించడం అద్దం ముందు ప్రాక్టీసు చేశాడు.

మహబూబ్‌నగర్ డాక్ బంగళాలో ఎల్వీరా చప్పట్లు కొట్టింది. "మార్వెలస్! అచ్చు బొమ్మలో మనిషే!"

భానుప్రసాద్ పొంగిపోయాడు.

సంత రైల్వే స్టేషన్ పక్కనే. జనం, దుమ్ము, గొర్రెల అరుపులు. ఎర్ర గొడుగు ఒక ముసలాయన పక్కన ఆగింది. ఆయన భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన భార్య. భానుప్రసాద్ నోరు వెళ్ళబెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"గోయ్ గన్నా! గీ నల్ల గొర్రెకు గెంత?"

ముసలాయన మొహం మాడిపోయింది. తల దించుకున్నాడు. చుట్టూ బేరాలాడుతున్న కాపరులు ఒక్కొక్కరే మాట ఆపేశారు.

భార్య ముందుకొచ్చింది. పేరు గోపమ్మ. "ఏంది బిడ్డా, గా మాటలేంది? మమ్ముల ఎక్కిరిస్తున్నవా?"

"గదేం గాదు గవ్వా..."

"సాలు తియ్యి. గీయన మల్లప్ప, మా ఇంటాయన. పోయినేడు పట్నంల కచేరికి పోతే గిట్లనే ఎక్కిరించిన్రు సార్లు. గప్పటిసంది కొత్తోళ్ల ముంగట నోరిప్పుత లేడు. బేరాలు గూడ నేనే చేస్తున్న. నువ్వు గూడ గందుకే వచ్చినవా?"

భానుప్రసాద్‌కి తల కొట్టేసినట్టయింది. లండన్ బొమ్మలోని తలపాగా ఇప్పుడు తన నెత్తిన ఉంది. దాన్ని గీసినవాడికి ఇండియా దూరమన్న సాకైనా ఉంది. తనకి అదీ లేదు. ఆ పూట భూమి చీలితే అందులో దూరేవాడే.

అప్పుడు వెనక ఎవరో పకపకా నవ్వారు.

తిరిగి చూశాడు. ఒక కాపరి. గొంగడి, తలకు రుమాలు, కర్ర, దేనికీ వంక పెట్టడానికి లేదు. కానీ సంతలో ఆ మాటలు తగలనివాడు అతనొక్కడే. అవి తనను అన్నట్టు అనిపిస్తే గదా తగలడానికి!

భానుప్రసాద్ వాడి మీదికి దూకాడు. వాడు సిగరెట్ లైటర్ తీశాడు. లైటర్ కాదు, పిస్టల్! మీట నొక్కబోయే క్షణంలో వాడి మణికట్టు మీద ఫట్‌మని కర్ర పడింది. గుండు ఆకాశానికి పోయింది, గొర్రెలు నాలుగు దిక్కులకు పోయాయి. కర్ర మల్లప్పది.

కొరియర్ రుమాలు విప్పితే మడతలో కార్టూన్ దొరికింది. దాని కోసం స్టేషన్లో కాచుకుని, వాడు దొరికిపోయాడని తెలియగానే కదులుతున్న రైలు మెట్టెక్కిన ఎల్వీరాను మఫ్టీలో ఉన్న కానిస్టేబుళ్ళు దింపేశారు. ఎర్ర గొడుగు మల్లప్ప పక్కన ఎందుకు ఆగిందో, 'మార్వెలస్' ఎందుకో భానుప్రసాద్‌కి అప్పుడు అర్థమైంది. ఆమె డబుల్ ముఠా వైపే!

తలపాగా తీసేసి మల్లప్ప ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయింది పెద్దాయనా. మీతో అలా మాట్లాడకూడదు. నాకు సిగ్గుగా ఉంది."

మల్లప్ప నోరు విప్పాడు.

"దొంగ దొరికిండు గద సారూ. ఇగ గా పన్ను కడుక్కో. మా పండ్లు మంచిగనే ఉంటయ్."

సాయంత్రం స్టేషన్ మాస్టర్ గదిలోంచి హైదరాబాద్‌కి ట్రంక్‌కాల్.

"భేష్! వాణ్ణెలా పట్టావోయ్?" అన్నాడు చీఫ్.

"నా యాసకు నవ్వాడు సార్. కాపరులెవరూ నవ్వలేదు."

"అంత బాగా చేశావా? ఏదీ, ఒక్కసారి వినిపించు. ఇక్కడ అందరం ఫోన్ దగ్గరే ఉన్నాం, కాసేపు నవ్వుకుంటాం."

"వద్దు సార్. పొద్దున నవ్వినవాడు లాకప్‌లో ఉన్నాడు. మీకందరికీ అందులో జాగా చాలదు."